అమ్మమ్మ డబ్బాలో నాయనమ్మ బార్లు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాయనమ్మ. మనవరాలు పుట్టిన దగ్గర్నుంచీ అదే అలవాటు. మనవరాలిని ఇంటిల్లిపాదీ చేప అంటారు. నడక రాకముందే నీళ్ళ తొట్టెలోంచి బయటికి తీస్తే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది, దాంతో ఆ పేరు అలా అంటుకుపోయింది. ఇప్పుడా చేప పదో క్లాసు చదువుతోంది, తెల్లవారేసరికి ఈత కొలనులో ఉండాలి. దానికి గుడ్లు ఉడకబెట్టి, రొట్టె కాల్చి, జుట్టు గట్టిగా ముడిచి టోపీలో ఇమిడ్చి పంపడం నాయనమ్మ పని. అందులో ఎవర్నీ వేలు పెట్టనిచ్చేది కాదు, కోడల్ని కూడా.

అలాంటిది ఆ పొద్దున వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికే లోపల లైటు వెలుగుతోంది. వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, ట్రే ముందు నిలబడి తడి చాకుతో ప్రొటీన్ బార్లు కోస్తోంది. చేప పక్కనే గట్టుమీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, అంచుల వెంట రాలిన పొడి ఏరుకు తింటోంది.

"అమ్మమ్మా, నిన్నటివి మా బ్యాచ్ వాళ్ళు నాకు మిగల్చకుండా లాగేసుకున్నారు. మాష్టారు కూడా ఒకటి తిన్నారు. కొట్లో అమ్మేవి వీటి కాలిగోటికి చాలవన్నారు."

"ఆయనకి బాగా ఆకలేసుంటుందిలే," అంది అమ్మమ్మ. అంది గాని ముఖం మాత్రం మతాబాలా వెలిగింది.

నాయనమ్మ గుడ్ల గిన్నెను స్టవ్ మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"లేచారా వదినగారూ? నా చప్పుడుకి నిద్ర చెడిందేమో."

"నేను లేవడానికి ఒకరి చప్పుడెందుకు వదినగారూ. ఈ ఇంట్లో కోడిని నేనే కదా."

"గుడ్లొద్దు నాయనమ్మా," అంది చేప సంచీ భుజాన వేసుకుంటూ. "ఇవి రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలే వెయ్యదు."

పిల్ల వెళ్ళిపోయింది. గిన్నెలో గుడ్లు టకటకమని కొట్టుకుంటూ ఉండిపోయాయి. నాయనమ్మ వాటిని అలాగే చాలాసేపు ఉడకనిచ్చింది.

అమ్మమ్మ ఆ ఇంటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అంతకుముందు ఒక్కతే ఉండేది, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి కలిపే పని చేసి రిటైరైన మనిషి. ఒకసారి స్టవ్ మీద గిన్నె మర్చిపోయి పక్కింటికి వెళ్ళింది. ఇంకోసారి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఊరంతా వెతికింది. మూడోసారి ఏం జరుగుతుందోనని భయపడి కూతురు వెళ్ళి తీసుకొచ్చేసింది. వచ్చిన రోజున నాయనమ్మే ఎదురెళ్ళి సంచీ అందుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని మనవరాలి సంగతులన్నీ చెప్పింది. ఏం తింటుందో, ఏం తినదో, ఎటువైపు తిరిగి పడుకుంటుందో. పాలు పడవని, గుక్కెడు తాగినా కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుందని మరీ మరీ చెప్పింది.

ఆ మాట పట్టుకునే అమ్మమ్మ పాల చుక్క తగలకుండా బార్లు చెయ్యడం మొదలుపెట్టింది. ఓట్సు దోరగా వేయించడం, ఖర్జూరాలు నానబెట్టి రుబ్బడం, వేరుశెనగ ముద్ద, వేయించిన శనగల పొడి, గుమ్మడిగింజలు కలిపి ట్రేలో పోసి గ్లాసు అడుగుతో అదిమి ఫ్రిజ్‌లో పెట్టడం. అంతే. చూస్తే ఇదేం బ్రహ్మవిద్య అనిపిస్తుంది. కానీ పిల్ల వాటికోసం ప్రాణం పెడుతోంది. కొడుకు లిఫ్టులు బాగుచేసే పనికి వెళ్తూ రెండు జేబులో వేసుకుంటున్నాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే కోడలు, తిండి మాటెత్తితే విసుక్కునే మనిషి, డ్యూటీకి తీసుకెళ్ళడానికి విడిగా ఒక డబ్బా కొనుక్కుంది.

"ఇటుకముక్కలు," అనుకుంది నాయనమ్మ మనసులో. "ఇన్నేళ్ళు నేను వండిపెట్టింది గాలికి పోయింది. ఇటుకముక్కలకి హారతులు."

అసూయ అనేది కడుపులో మొలిస్తే దానికి నీళ్ళక్కర్లేదు. పక్కవాళ్ళు నవ్వితే చాలు, ఏపుగా పెరుగుతుంది. సాయంత్రం పిల్ల వచ్చి సంచీ పడేసి ముందు ఎవర్ని పిలిచిందో నాయనమ్మ చెవులు రిక్కించి వినేది. అమ్మమ్మా అని పిలిస్తే ఆ రోజు అన్నంలో ఉప్పెక్కువయ్యేది. పక్కింటి దర్జీ ఆవిడ దగ్గర కూడా తన గోడు వెళ్ళబోసుకుంది.

"పోనీ మీరూ నాలుగు చెయ్యకూడదూ," అంది దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "మీ చేతికేం తక్కువ?"

"చేస్తే ఏమంటారు? ఆవిణ్ణి చూసి వాత పెట్టుకుందంటారు."

"మీరు చేశారని చెప్తే గదా అనేది."

ఆవిడ మాటవరసకే అంది. కానీ ఆ మాట నాయనమ్మ బుర్రలో గూడు కట్టుకుంది. చెప్పకుండా చెయ్యాలి. చేసినవి వియ్యపురాలి డబ్బాలోనే పెట్టాలి. పిల్ల ఎవరు చేశారో తెలియకుండా తిని బావున్నాయనాలి. అప్పుడు చెప్పాలి, అందరి ముందూ, అవి నావే అని.

జిల్లా జట్టుకి ఎంపిక పోటీలు ఆదివారం. అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? శనివారం మధ్యాహ్నం కోడలు అమ్మమ్మని కళ్ళజోడు మార్పించడానికి తీసుకెళ్ళగానే నాయనమ్మ వీధి చివర కొట్టుకి బయల్దేరింది. వియ్యపురాలు వేసే వస్తువులన్నీ తనకి తెలుసు, రోజూ ఓరకంట చూస్తూనే ఉంది. కానీ అవే వేస్తే ఆవిడవే అవుతాయి. తనది ఒకడుగు పైన ఉండాలి.

"ఒంటికి బలమిచ్చే పొడి ఏదో ఉంటుందట. ఈతకొట్టే పిల్లకి," అంది కొట్టువాడితో.

"ఉంది మామ్మగారూ. ఇదే అందరూ పట్టుకెళ్తున్నారు." కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉన్న నల్లడబ్బా ఒకటి ముందు పెట్టాడతను. "రెండు చెంచాలు చాలు."

మూత తీసి వాసన చూసింది. కమ్మటి వనిల్లా వాసన. డబ్బా వెనక చీమలబారులా ఏదో అచ్చేసుంది. బొమ్మ అంత ధీమాగా నిలబడి ఉంటే ఆ రాతలతో పనేముంది అనుకుంది.

ఇంటికొచ్చి ఓట్సు వేయించింది, ఖర్జూరాలు రుబ్బింది. రెండు చెంచాలన్నాడు కదా, నలుగురు మెచ్చాలంటే రెండేం సరిపోతాయని పిడికెడు పిడికెడు పోసింది. ముద్ద చేతికి అంటుకోకుండా పట్టులా వచ్చింది. అదిమి, ఫ్రిజ్‌లో పెట్టి, ఆవిడ కొలతకే కోసింది. అమ్మమ్మ బార్లు తీసి గుడ్డలో చుట్టి తన బీరువాలో దుప్పట్ల కింద దాచింది. నల్లడబ్బా కూడా అక్కడే తోసింది. తనవి అమ్మమ్మ డబ్బాలో పేర్చి మూత పెట్టింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

ఆదివారం పొద్దున అందరూ కార్లో బయల్దేరారు. చేప ముందు సీట్లో, తండ్రి పక్కన. వెనక వియ్యపురాళ్ళిద్దరి మధ్యన కోడలు. దారిలో పిల్ల డబ్బా తెరిచి ఒకటి కొరికింది. నాయనమ్మ ఊపిరి బిగబట్టింది.

"అబ్బ, అమ్మమ్మా. ఇవాళ ఏం వేశావు? ఇన్నాళ్ళు చేసినవాటన్నిట్లోకీ ఇవే బావున్నాయి."

"అన్నీ ఎప్పటివే."

"కాదు. వనిల్లా వాసనొస్తోంది. ఏదో ఎస్సెన్స్ వేసుంటావు."

అమ్మమ్మ కొత్త కళ్ళజోడు సర్దుకుంది. "వేశానా? గుర్తులేదే." తనలో తను అనుకున్నట్టు, "వేసే ఉంటాను," అంది.

నాయనమ్మకి నోటిదాకా వచ్చింది. అప్పుడే చెప్పేసి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ పతకం మెళ్ళో పడ్డాక చెప్తే ఆ మజా వేరు కదా. మాట మింగేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ కాసేపూ లోపల తేనె కారుతున్నట్టే ఉంది. పిల్ల రెండోది తిన్నది. కొలను దగ్గర దిగాక మూడోది కూడా తిన్నది.

చేప వంతు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. విజిల్ మోగింది. సగం దాకా అందరికంటే ముందుంది పిల్ల. అవతలి గోడ తాకి తిరగ్గానే చేతులు ఆగిపోయాయి. వరసల మధ్య కట్టిన తాడు పట్టుకుని మడతపడినట్టు వంగిపోయింది. మాష్టారు నీళ్ళలోకి దూకి ఒడ్డుకి తెచ్చారు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని వణికిపోతూ పిల్ల ఒక్కటే అడిగింది.

"నాయనమ్మని పిలవండి. నాయనమ్మా, కడుపు."

ఇన్నాళ్ళూ ఏ పిలుపు కోసం చెవులు రిక్కించిందో అదే పిలుపు. నాయనమ్మ పరుగెత్తుకెళ్ళి తడినేల మీద కూలబడి కడుపు నిమిరింది. చిన్నప్పట్నుంచీ అలా నిమిరితే తగ్గేది. పొట్ట డోలులా బిగిసి ఉంది. చెయ్యి పెట్టగానే ఆవిడకి తెలిసిపోయింది, ఇది పాలు తాగినప్పటి కడుపునొప్పి. కానీ పాలెక్కడివి?

ఇంటికి తీసుకొచ్చి మందు వేశాక పిల్ల నిద్రపోయింది. ఎంపిక పోయినట్టే, మళ్ళీ వచ్చే ఏడాదే అన్నారు మాష్టారు. కోడలు డబ్బాలో మిగిలిన బారు తీసి విరిచింది, వాసన చూసింది, కొంచెం నాలిక మీద వేసుకుంది. నేరుగా తల్లి ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, ఇందులో ఏం పొడి వేశావు?"

"శనగపొడి. ఎప్పుడూ వేసేదేనే."

"ఇది శనగపొడి కాదు. కొట్లో అమ్మే ప్రొటీన్ పొడి. దాన్ని పాలు విరిచిన నీళ్ళతో చేస్తారని, చేపకి పనికిరాదని నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

అమ్మమ్మ డబ్బా వైపు చూసింది. తన డబ్బా. తను కోసే కొలత. "నేను కొనలేదే అమ్మా," అంది. ఆ మాట మీద ఆవిడకే నమ్మకం లేదు.

"తాళాలు ఫ్రిజ్‌లో పెట్టింది కూడా నువ్వు కాదన్నావు. ఇవాళ కడుపునొప్పి. రేపింకేం వేస్తావో, ఎవరు చూడొచ్చారు?"

"మెల్లగా మాట్లాడు," అన్నాడు కొడుకు. "అత్తయ్యగారు కావాలని చేస్తారా?"

"కావాలని చేస్తే బాధే లేదు. ఏం చేస్తోందో తెలియకుండా చేస్తోంది." కోడలు తల్లి పక్కన కూర్చుంది. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామమ్మా. అప్పటిదాకా స్టవ్ దగ్గరికి రావద్దు. అసలు వంటింట్లోకే రావద్దు. వయసు మళ్ళినవాళ్ళని చూసుకునే చోటు ఒకటి మా ఆస్పత్రి పక్కనే ఉంది, అడిగి చూస్తాను."

అమ్మమ్మ తలూపి గదిలోకి వెళ్ళిపోయింది. నాయనమ్మ మాత్రం తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని ఉండిపోయింది. పాలు విరిచిన నీళ్ళు. తన మనవరాలికి పాలు పడవని లోకమంతా చాటిన మనిషి తన చేత్తోనే పిడికెడు పిడికెడు పోసి తినిపించింది. పైగా కోరుకున్నదంతా జరిగింది కదా. పిల్ల తననే పిలిచింది. వంటిల్లు తనదయింది. ఇటుకముక్కలకి హారతులు ఆగిపోయాయి. దీనికోసమేనా ఇన్నాళ్ళు కుళ్ళుకున్నది?

సాయంత్రం టీ పట్టుకుని గదిలోకి వెళ్ళింది. అమ్మమ్మ మంచం అంచున కూర్చుని వేళ్ళు ముడుస్తూ ఏదో గొణుక్కుంటోంది.

"ఓట్సు వేయించాను. ఖర్జూరాలు నానబెట్టాను. వేరుశెనగ ముద్ద. తర్వాత గుమ్మడిగింజలు. కాదు, ముందు శనగపొడి." తలెత్తి చూసింది. "రండి వదినగారూ. మీరు పక్కనే ఉంటారు కదా, నేను ఏ డబ్బాలోంచి తీశానో చూశారా? ఎంత తవ్వుకున్నా నాకా పొడి గుర్తురావట్లేదు."

నాయనమ్మ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది.

"కష్టమైనవి మర్చిపోతే బాగుండేది," అంది అమ్మమ్మ. "మా ఆయన పోయిన రోజు ఆకాశం ఏ రంగులో ఉందో కూడా గుర్తుంది. మనవరాలికి ఏం పెట్టానో మాత్రం గుర్తులేదు. మీకొకటి చెప్తాను, నవ్వకండి. అది నన్నెప్పుడు మెచ్చుకున్నా నాకు లోపల ఒక పోటు ఉండేది. నిద్రలో ఉలిక్కిపడితే మిమ్మల్నే పిలుస్తుంది. ఒక్కసారైనా నన్ను పిలిపించుకోవాలనే ఆ బార్లు మొదలుపెట్టాను. ఇప్పుడు చూడండి ఏం చేశానో."

నాయనమ్మ ఇక అక్కడ నిలబడలేకపోయింది. తన గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి, దుప్పట్ల కింద చెయ్యి పెట్టింది. బయటికొచ్చి కొడుకుని, కోడల్ని కేకేసి పిలిచింది. నిద్ర లేచి సోఫాలో ముడుచుకుని కూర్చున్న చేపని చూసి కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అయినా వెళ్ళి నల్లడబ్బాను, గుడ్డమూటను భోజనాల బల్ల మీద పెట్టింది.

"ఆ పొడి నేను కొన్నాను. ఆ బార్లు నేను చేశాను. వదినగారివి ఇవిగో, ఈ మూటలో ఉన్నాయి. ఆవిడ ఏమీ మర్చిపోలేదు."

కొడుకుకి ముందు అర్థం కాలేదు. "నువ్వెందుకు చేశావమ్మా? చేస్తే ఆవిడ డబ్బాలో ఎందుకు పెట్టావు?"

"ఓర్వలేక. అందరూ ఆవిడనే మెచ్చుకుంటుంటే ఓర్వలేక. పొడి పాలదని తెలియదు, ఆ పాపం మాత్రం నాది కాదు. తెలియంది అదొక్కటే. మధ్యాహ్నం ఆవిణ్ణి నిలబెట్టి అడుగుతుంటే నోరు మూసుకున్నానే, అది తెలిసే మూసుకున్నాను."

"ఎంత పని చేశారత్తయ్యా," అంది కోడలు. "నా చేత మా అమ్మని అన్ని మాటలనిపించారు."

అమ్మమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది. మెల్లగా నడిచొచ్చి మూట విప్పింది. ఒక బారు విరిచి వాసన చూసింది. శనగపొడి వాసన. కళ్ళజోడు తీసేసింది.

"అయితే నేను వెయ్యలేదు," అంది.

"లేదు వదినగారూ."

"వనిల్లా కూడా వెయ్యలేదు."

"లేదు."

అమ్మమ్మ కుర్చీలో కూర్చుని భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. కొడుకు తల్లి వైపు తిరిగి ఏదో గట్టిగా అనబోతే చెయ్యెత్తి ఆపింది. "ఆవిణ్ణేమనకు బాబూ. ఆవిడ చెప్పకపోతే రేపు డాక్టరు ముందు కూర్చుని నాకేమీ గుర్తులేదని నేనే ఒప్పుకునేదాన్ని. నా బుర్ర నాకు తిరిగిచ్చింది." కోడలు వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. ఆస్పత్రి పక్కన చోటు మాట మళ్ళీ ఎత్తలేదు.

చేప మాత్రం కదల్లేదు. నాయనమ్మ దాని దగ్గరికి వెళ్ళింది గాని తాకడానికి ధైర్యం చాల్లేదు.

"నీ పోటీ పోగొట్టాను."

"పోగొట్టావు," అంది చేప. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు చేశావని ముందే చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు బావుందనేదానివా? ఇన్నేళ్ళలో నా చేతి వంట బావుందని ఒక్కసారైనా అన్నావా?"

పిల్ల ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది. "నీకెందుకంటాను? అమ్మమ్మ కొత్తగా వచ్చింది, మొహమాటంగా ఉంటుంది, అందుకని అంటాను. అవి నిజంగా బావుంటాయి కూడా అనుకో. నువ్వు పెడితే తినడమే. బావుందో లేదో ఎప్పుడు చూశాను? నా చెయ్యి బావుందని నేను రోజూ చెప్పుకుంటానా?"

నాయనమ్మ నేల మీదే కూర్చుండిపోయింది. చుట్టాలకి చెప్పే మాట తనకి చెప్పలేదని ఇన్నాళ్ళు ఏడ్చిందన్నమాట. పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పిల్ల కోపం ఇంకా పోలేదు, కానీ సోఫాలో కాస్త పక్కకి జరిగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు చేప ముక్తసరిగానే మాట్లాడింది. పోటీ పోవడమంటే చిన్న సంగతా? నాయనమ్మ బతిమాలలేదు. ఏం జరిగిందని దర్జీ ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే, "నాకు నోరెక్కువ, బుద్ధి తక్కువ. అంతే," అని లేచొచ్చేసింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే ట్రే దగ్గర చేరారు. వేయింపు దగ్గర ఒకరు మాడిందంటే, ఒకరు పచ్చిగా ఉందంటారు. ఏది కలిపినా అమ్మమ్మ పైకి చెప్తుంది, నాయనమ్మ సరేనని తలూపుతుంది. ఎవరి కొలత నెగ్గిందో ట్రేకి కూడా తెలియదు.

ఒక పొద్దున చేప తడి తువ్వాలు మెడలో వేసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నాయనమ్మ ఒక బారు ముందు పెట్టింది. పిల్ల కొరికి, సెల్లు చూసుకుంటూ, నమిలి మింగింది. బావుందనలేదు, బాలేదనలేదు. కళ్ళు ఫోన్ మీదే ఉంచి, ఖాళీ చెయ్యి నాయనమ్మ వైపు చాపింది.

నాయనమ్మ ఆ చేతిలో ఇంకోటి పెట్టింది. ఎలా ఉందని అడగలేదు.